పీతలు లేవని నేను రాసిచ్చిన రిపోర్టు

నేను రిటైరై నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఎవరో ఒకరు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన బ్రేక్‌డౌన్ ఏది?" అని అడుగుతుంటారు. బాయిలర్ ట్యూబు పగిలిన కథో, యాసిడ్ ట్యాంకు కారిన కథో చెబుతానని ఆశపడతారు పాపం. నేను "పీత" అంటాను.  ముసలాయనకి సరిగ్గా వినపడలేదనుకుని మళ్ళీ గట్టిగా అడుగుతారు. నేనూ అంతే గట్టిగా "పీతయ్యా, పీత!" అంటాను.

ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది. అందుకే రాసి పడేస్తున్నాను. చదువుకోండి.

పాల్వంచ దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను నీళ్ళ కెమిస్టుని. ఫ్యాక్టరీ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఇందులో అందరికంటే ఎక్కువ పరువు పోయింది నాదే కాబట్టి మిగతావాళ్ళు నొచ్చుకోనక్కర్లేదు. బాయిలర్‌లోకి వెళ్ళే నీళ్ళలో ఉప్పన్నది ఉండకూడదు. ఉంటే ట్యూబులు పాడవుతాయి. నీళ్ళలోంచి ఉప్పు తీయడంలోనే నా ఉద్యోగం, నా జుట్టు రెండూ అయిపోయాయి. అలాంటివాణ్ణి రిటైర్మెంటుకి ఏడాదిన్నర ముందు పిలిచి, నీళ్ళలో ఉప్పు కలపమన్నారు.

పిలిచింది కొత్తగా వచ్చిన జనరల్ మేనేజరు గారు. కాకినాడ వైపు మనిషి. సముద్రం చూడకుండా ఉండలేక, మా గెస్ట్‌హౌస్ హాల్లో మంచమంత గాజు తొట్టె పెట్టించి, అందులో సముద్రాన్ని దించారు. రాళ్ళు, ఇసుక, రంగు చేపలు, చెత్త తినడానికి నత్తలు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక గులాబి రంగు పగడం. కాలీఫ్లవర్ పువ్వు అంత ఉంటుంది, కొమ్మలు కొమ్మలుగా. మన సముద్రంలో పగడం కొయ్యడం నేరం కదా అని నేను భయపడితే, అవి విదేశంలో తోటల్లా పెంచినవని ఆయన కాగితాలు తీసి చూపించారు.

"నీళ్ళ విషయంలో మీకంటే తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరటగా మాస్టారూ! ఇది కూడా మీరే చూసుకోవాలండి," అన్నారు.

పొగడ్తకి పడిపోయే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఒప్పేసుకున్నాను.

నేను ఒప్పుకున్న పని చేసింది మాత్రం మా ల్యాబు అటెండరమ్మ. కాంట్రాక్టు మీద ఆరేళ్ళుగా పనిచేస్తోంది. పినపాక వైపు అడవి పల్లె ఆమెది. పాల్వంచలో గది కిరాయికి తీసుకుని ఉండేది. నలభై ఏళ్ళుంటాయి. ఏడో తరగతి దాకా చదివింది. రోజూ పదింటికి గెస్ట్‌హౌస్‌కి వెళ్ళి తొట్టె గాజు తుడిచి, ఆవిరైపోయిన మేరకు మా ల్యాబు నీళ్ళు పోసి, నాకు లెక్క చెప్పేది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని తొట్టె చుట్టూ తిరిగేవాణ్ణి. ఇద్దరం కలిసి చేశామని రిజిస్టర్లో రాసేవాణ్ణి, సంతకం ఒక్కడినే పెట్టేవాణ్ణి.

నెల తిరగకముందే నత్తలు తగ్గడం మొదలైంది. ఖాళీ గుల్లలు కనిపించేవి, నత్తలుండేవి కావు. ఆ తర్వాత వేలెడంత నీలం చేప ఒకటి మాయమైంది. ముల్లు కూడా మిగల్లేదు.

ఇక్కడ గెస్ట్‌హౌస్ మేనేజరు గురించి చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు, అనుమానం మనిషి. వీఐపీలు భోంచేసి లేవగానే చెంచాలు చూసుకునేవాడు. ఒకసారి ఒక ఆడిటరు జేబులో పెన్ను కనపడితే, అది చెంచా కాదని తేలేదాకా ఆయన కారెక్కడానికి ఒప్పుకోలేదు. అలాంటాయన ఇన్‌చార్జిగా ఉన్న హాల్లోంచి చేప పోయింది. నిద్ర పడుతుందా?

"ఏవండీ, రోజూ తొట్లో చెయ్యి పెట్టేది ఎవరండీ? మీ అటెండరే కదా? ఆ అడవి ఊళ్ళవాళ్ళు చేప కనపడితే వదుల్తారేటండీ?" అన్నాడు నాతో, ఆమె వినేలాగే.

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే ఆమె గుడ్డ పిండుకుంటూ అంది: "గా చిటికెనవేలంత చేపతోని కూరైతదా సారూ? పోపుల నూనె దండుగ! మా వాగుల మూరెడు చేపలు దొరుకుతయి, గీ రంగు చేపనెవ్వడు తింటడు?"

నేను నవ్వాను. మేనేజరు నవ్వలేదు. ఆ రోజే తన డైరీలో ఏదో రాసుకున్నాడు.

తర్వాతి వారం తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పగడం కొమ్మల సందులో ఏదో కదిలింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే, పెసరగింజ కంటే కాస్త పెద్ద పీతలు రెండు. మీగడ రంగు ఒంటి మీద ఎర్రటి చుక్కలు. పగడంతో పాటు రహస్యంగా వచ్చేసిన ప్రయాణికులు, టిక్కెట్టు లేకుండా. నాకు పట్టరాని ఆనందం వేసింది. దొంగలు దొరికారు!

ఆ రాత్రి ఫోన్లో వీడియోలు చూసి, పగడంలోంచి పీతల్ని ఎలా తీయాలో నేర్చుకున్నాను. పగడాన్ని బకెట్లో పెట్టి, కొమ్మల సందుల్లోకి సిరంజితో సోడా కొట్టాలి. సోడాలోని గ్యాసు పడక పీత బయటికి దూకేస్తుంది. పొద్దున్నే స్టోర్సుకి ఇండెంటు పెట్టాను: "పీతల తొలగింపు నిమిత్తం సోడా బాటిళ్ళు, ఆరు." స్టోర్సు ఆఫీసరు ఫోన్ చేసి, "మిగతా సరుకు మీరే తెచ్చుకుంటరా సార్, అది గూడ ఇండెంటు పెడుతరా?" అని అడిగాడు. సాయంత్రానికి కాలనీ మొత్తానికి నేను గెస్ట్‌హౌస్‌లో ఏం చేస్తున్నానో తెలిసిపోయింది, అసలు సంగతి తప్ప.

మూడో సిరంజికి రెండు పీతలూ బకెట్లో పడ్డాయి. అటెండరమ్మ వంగి చూసింది. ఆమె ఊరి వాగుల్లో ఎండ్రికాయలంటారు పీతల్ని. చిన్నప్పటి నుంచీ పట్టి తిన్న మనిషి.

"సారూ, మనం పట్టవలసినయి గివి కావు," అంది.

"ఎందుకు కావు?"

"ముందటి గోర్లు సూడుండ్రి, పట్టుకునేటియి. సన్నగ, నున్నగున్నయి. గీ గోర్లతోని నత్త గుల్ల పగుల్తదా? నత్తను తినే ఎండ్రికాయకు గోరు మొద్దుగుండాలె, కాళ్ళకు బలముండాలె. గివేమో మొగుడు పెండ్లాం లెక్క గా పువ్వుల కాపురముంటున్నయి. గది ఊడ్సుకుంటున్నయి సారూ, మొన్న నేను సూసిన. ఇసుక పడితే ఎత్తి అవతల పారేస్తున్నయి."

"ఎమ్మెస్సీ నువ్వు చేశావా, నేను చేశానా అమ్మా?" అన్నాను.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. నేను చేసింది రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ. అందులో పీత గురించి ఒక్క ముక్క కూడా లేదు.

ఆమె పీతల్ని పారబోయకుండా ల్యాబులో ఒక ప్లాస్టిక్ టబ్బులో అదే ఉప్పునీళ్ళు పోసి, గాలి పంపు పెట్టి ఉంచింది. "పాపం, ఉండనియ్యుండ్రి," అంది. సరే అన్నాను, గెలిచినవాడి ఉదారం కదా.

ఇక్కడ మీ తరానికి అలవాటైపోయిన ఒక విషయం చెప్పాలి. మా ఫ్యాక్టరీలో ఏ చిన్న తేడా జరిగినా ఒక ఫారం నింపాలి. ఏం జరిగింది, మూలకారణమేంటి, ఏం చేశారు, చివర "కేసు ముగిసినది" అని సంతకం. ముగిసిన కేసు మళ్ళీ తెరవాలంటే, మొదట రాసినవాడే ఇంకో ఫారం నింపాలి. అందులో "మానవ తప్పిదం: ఎవరిది?" అని ఒక గడి ఉంటుంది. సర్వీసంతా ఆ గడిలో నా పేరు ఒక్కసారి కూడా పడలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. రిటైరయ్యే రోజు అందుకు ఒక షీల్డు ఇస్తారని కూడా విన్నాను.

కాబట్టి ఫారం నింపాను, ఇంగ్లీషులో. మూలకారణం: పగడంతో వచ్చిన పీతలు. చర్య: తొలగించడమైనది. ప్రస్తుతం తొట్టెలో పీతలు లేవు. కేసు ముగిసినది. సోమవారం మీటింగులో జీఎం గారు దాన్ని పైకెత్తి చూపించి, "రిపోర్టు అంటే ఇలా ఉండాలండీ," అన్నారు. నేను తల వంచుకుని వినయంగా కూర్చున్నాను. అంత వినయం మళ్ళీ ఎప్పుడూ నాకు రాలేదు.

పది రోజులకి రెండు సంగతులు జరిగాయి. ఒకటి, పగడం మీద ఇసుక, జిగురు పేరుకుపోయి కొమ్మల చివర్లు పాలిపోయాయి. రెండు, జీఎం గారికి ప్రాణమైన నారింజ రంగు చారల చేపల జంటలో ఒకటి లేదు.

శుక్రవారం సాయంత్రం గెస్ట్‌హౌస్ మేనేజరు జీఎం గారికి ఒక నోటు పంపాడు. కాపీ నాకొచ్చింది. తెలివైన నోటు, తెలుగులోనే. "కెమిస్టు గారి రిపోర్టు ప్రకారం తొట్టెలో పీతలు లేవు. కావున చేపను తీసింది మనిషే. రోజూ తొట్టెలో చెయ్యి పెట్టేది ఒక్కరే." శనివారం పదకొండింటికి జీఎం గారు హాలుకి వచ్చి తేలుస్తారని కింద రాసుంది. ఆమె గేటు పాసు రెన్యూవల్ కాగితం కూడా సంతకం కోసం ఆయన బల్ల మీదే ఉందప్పుడు. ఆయన వద్దంటే సోమవారం నుంచి ఆమెకి గేటు తెరుచుకోదు.

నా రిపోర్టు ఆధారంగా ఆమెని దొంగని చేశారు. నోటు చదివాక నా తల కొట్టేసినట్టయింది. ఆమెకి చూపించాను. నిలబడే చదువుకుంది.

"పని పోతే పోయింది సారూ. మిరపతోటల కూలికి పోత. గానీ దొంగ పేరుతోని ఊర్ల ఎట్ల అడుగు పెట్టాలె?" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. 

అప్పుడే జీఎం గారి దగ్గరికి వెళ్ళి, నా రిపోర్టు తప్పండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ముందు అసలు పీతని పట్టేద్దాం, పట్టాక నా తప్పు చిన్నదిగా కనిపిస్తుందని లెక్క వేసుకున్నాను. "రేపు పొద్దున్నే పట్టేద్దాం అమ్మా," అన్నాను, రోజూ పీతలు పట్టేవాడిలా.

శనివారం ఎనిమిదింటికి ఇద్దరం తొట్టె దగ్గరున్నాం. ఈసారి నేను నోరు మూసుకుని ఆమెని చూడనిచ్చాను. ఆమె తొట్టె చుట్టూ మోకాళ్ళ మీద నడుస్తూ అడుగునున్న ఇసుకే చూసింది. వెనకవైపు పెద్ద రాయి కింద ఆగింది.

"గిదిగో. బొక్క ముందట సూడుండ్రి."

రాతికింద ఒక కన్నం. దాని ముందు నత్త గుల్లల ముక్కలు చిన్న కుప్పగా పోసున్నాయి.

"వాగుల గూడ గిట్లనే సూస్తం సారూ. ఎండ్రికాయ తిన్నది లోపల ఉంచుకోదు. వాకిట్ల పారబోస్తది. తాజా కుప్ప ఉన్నదంటే ఇంట్ల ఉన్నట్టే."

నెల రోజులుగా ఆ కుప్ప నాకూ కనిపిస్తూనే ఉంది. అలంకారం కోసం వేసిన గవ్వలనుకున్నాను.

వెలుతురుంటే అది బయటికి రాదంది. పట్టపగలు చీకటి ఎక్కణ్ణుంచి తేవాలి? గెస్ట్‌హౌస్ గదుల్లోంచి రగ్గులు తెచ్చి తొట్టె మొత్తం కప్పేశాం. ఎరుపు వెలుగు పీతకి ఆనదని వీడియోలో చెప్పారు కాబట్టి టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. ఆమె అటు చివర రగ్గు ఎత్తి తల దూర్చింది, నేను ఇటు చివర దూర్చాను. బయటికి రెండు నడుములు మాత్రమే కనిపిస్తున్నాయి.

మేనేజరు లోపలికి వచ్చిన చప్పుడైంది.

"ఏవండీ! ఏవండీ ఇది? అవి వీఐపీ గది రగ్గులండీ!"

"ష్!" అన్నాం ఇద్దరం రగ్గుల్లోంచి.

ఆమె రొయ్య ముక్కని దారానికి కట్టి కన్నం ముందుకి వదిలింది. పావుగంటకి ముందు ఒక గోరు వచ్చింది. లావుగా, చివర నల్లగా. తర్వాత బొచ్చుతో నిండిన కాళ్ళు. నిమ్మకాయంత ఒళ్ళు. గులకరాయి రంగు.  అది రొయ్యని పట్టుకుంది.

"దారం గుంజకుండ్రి," అంది ఆమె గుసగుసగా. దారం కొస నా చేతిలో ఉంది. "మెల్లగ. తింటున్న అని అనుకోవాలె అది. మనం ఉన్నమని తెల్వద్దు."

గుంజకూడదని నాకూ తెలుసు. చెయ్యికి తెలియలేదు. గుంజాను. రొయ్య పైకొచ్చింది, పీత లోపలికి పోయింది.

"అయ్యో సారూ! గంత జల్దేంది మీకు?"

ఆరేళ్ళలో ఆమె నన్ను కసురుకోవడం అదే మొదటిసారి. బుద్ధిగా ఊరుకున్నాను. ఆమె లేచి వంటింట్లోంచి పొడుగాటి గాజు గ్లాసు తెచ్చింది. అడుగున రొయ్య ముక్క వేసి, కన్నం పక్కన రాతికి ఏటవాలుగా ఆనించి పెట్టింది. "గాజు మీద కాలు నిలవది. దిగుడే గాని ఎక్కుడుండదు," అంది.

మళ్ళీ రగ్గులు. మళ్ళీ నిరీక్షణ. పది దాటింది. నడుము విరిగిపోతోంది. చీకట్లో అటు చివర నుంచి ఆమె గొంతు వచ్చింది.

"సారూ, గది దొరకకపోతే?"

"దొరుకుతుందమ్మా."

"దొరకకపోతే పెద్దసారుకు ఏం చెప్తరు?"

నా రిపోర్టు తప్పని చెబుతాను అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. షీల్డు గుర్తొచ్చింది. "చూద్దాం," అన్నాను.  ఆ చీకట్లో నా ముఖం ఆమెకి కనిపించనందుకు సంతోషించాను. చూశారా, ఎంత గొప్పవాణ్ణో.

పది నలభైకి పీత వచ్చింది. గ్లాసు అంచు తడిమింది, ఆలోచించింది, లోపలికి జారింది. ఆమె చెయ్యి పెట్టి గ్లాసు నిలువుగా ఎత్తేసింది. "దొరికె!" అని అరిచింది. నేనూ అరిచాను. రగ్గులు లాగేశాం. ఒక చిన్న టబ్బులో ఉప్పునీళ్ళు పోసి దాన్ని అందులో వేశాం. ఆనందంతో నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గండం గట్టెక్కిందనుకున్నాను, ఆమె కూడా కొంగుతో ముఖం తుడుచుకుంది.

సరిగ్గా పదకొండింటికి జీఎం గారు వచ్చారు. టబ్బు చూపించాను. ఆయన ముఖం వెలిగేలోపే మేనేజరు అడ్డొచ్చాడు.

"సార్, ఇది తొట్లోది కాదండీ. కిన్నెరసాని వాగులోదండీ. నా నోటు మీకు అందిందని తెలిసి రాత్రికి రాత్రి పట్టించి తెచ్చి, గ్లాసులో వేసి, రగ్గులు కప్పి నాటకం ఆడారండీ. ఈ ఊళ్ళో ఏ వాగులో చూసినా ఇలాంటివే కదండీ!"

ఆమె నోరు వెళ్ళబెట్టింది. తర్వాత కోపంతో ముఖం కందిపోయింది. "మా వాగు ఎండ్రికాయకు కాళ్ళకు గింత బొచ్చు ఉంటదా? గోరు కొసలు గిట్ల బొగ్గు లెక్క ఉంటయా? ఎన్నడన్న వాగుల దిగినవా సారూ నువ్వు?"

"నేను చూడని పీతలా?" అంటూ మేనేజరు, అది మామూలు వాగు పీతే అని చూపించడానికి టబ్బులో చెయ్యి పెట్టి దాన్ని వీపు మీద పట్టుకోబోయాడు. పీత ఆయన కుడి చూపుడువేలు పట్టుకుంది. ఆయన కేక గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకి వినిపించి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఆయన చెయ్యి విదిలిస్తూ హాలంతా తిరుగుతున్నాడు, పీత వదలడం లేదు. "విదిలించకు! నీళ్ళల్ల పెట్టు చెయ్యి, అదే ఇడుస్తది!" అని వెంట పరుగెత్తి, ఆయన మణికట్టు పట్టి టబ్బులో ముంచింది ఆమె. పీత వేలు వదిలేసింది.

నవ్వాగక నేను గోడ వైపు తిరిగాను. జీఎం గారు నవ్వలేదు. ఆయన నన్నే చూస్తున్నారు.

"మాస్టారూ, నాకు వాగు పీతా తెలీదు, సముద్రప్పీతా తెలీదు. మీరు రాసిచ్చిన కాగితం మాత్రం తెలుసు. పీతలు లేవన్నారు. ఇప్పుడు ఉందంటున్నారు. లేదన్న మాట నిజమైతే, ఇది ఆవిడ తెచ్చిందే. ఏది నిజమండీ?"

 అటెండరమ్మ నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తోంది. చూసి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణేమో. చూడకపోవడం వల్ల నాకు దారి లేకుండా పోయింది.

"నా రిపోర్టు తప్పండీ," అన్నాను. "నేను తీసేసినవి మంచి పీతలు. పగడాన్ని శుభ్రం చేస్తూ కాపాడేవి. తీయొద్దని ఈమె ఆ రోజే చెప్పింది. నేను వినలేదు. అసలు దొంగ ఇది. రాయిలో దాక్కుని వచ్చింది. లేదని నేను సరిగ్గా చూడకుండానే రాశాను."

"సరే. అయితే కేసు తెరవండి," అన్నారాయన. మళ్ళీ ఫారం తెప్పించారు. హాల్లో బల్ల దగ్గరే కూర్చుని నింపాను. "మానవ తప్పిదం: ఎవరిది?" అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.  ఆ చిన్న గడిలో నా పూర్తి పేరు పట్టలేదు. ఇంటిపేరు మార్జిన్లో రాయాల్సి వచ్చింది.

జీఎం గారు చదివి, గేటు పాసు కాగితం మీద సంతకం పెట్టి, వెళ్ళిపోయారు. షీల్డు ఇంకొకరికి వెళ్ళింది. చుక్కల పీతల జంటని ల్యాబు టబ్బులోంచి తెచ్చి పగడంలో వదిలితే, గంటలో ఊడ్చుకోవడం మొదలుపెట్టాయి. సగం కొమ్మలు పోయినా మిగతా సగం మూడు నెలల్లో రంగు పట్టింది. బొచ్చు పీతని చంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. వేరే తొట్లో పెడితే జీఎం గారే రోజూ స్వయంగా రొయ్య వేసేవారు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఇదంతా కాదు. ఆ శనివారం జీఎం గారు వెళ్ళాక జరిగింది.

పెద్ద త్యాగం చేసినవాడిలా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. ఆమె దండం పెడుతుందని, "మీరు లేకుంటే నా గతేంది సారూ" అంటుందని మనసులో ఒక మూల ఆశ కూడా ఉంది. దాచడం దేనికి? ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "గా కాగితమేం రాసిండ్రో జర సదువుండ్రి సారూ," అంది. ఇంగ్లీషులో రాశాను కదా. తెలుగులో చెబుతూ మొత్తం చదివాను. పీత ఎలాంటిది, ఎక్కడ దాక్కుంది, మొదటి రిపోర్టులో నేనేం పొరపాటు పడ్డాను, ఎందుకు పడ్డాను, ఇకపై ఎలాంటి జాగ్రత్త తీసుకుంటాను. రెండు పేజీలు. చదువుతుంటే నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

ఆమె ఆఖరిదాకా విన్నది.

"మరి గిండ్ల నా ముచ్చట ఏడున్నది?" అంది.

మళ్ళీ చూశాను. మొదటి పేజీ, రెండో పేజీ. నేనున్నాను, పీత ఉంది, సోడా కూడా ఉంది. దొంగతనం మోపిన మనిషి ఎక్కడా లేదు. ఆమె దొంగ కాదన్న ఒక్క మాట ఎక్కడా రాయలేదు. ఆ మాట కోసమే కదా పొద్దున్నుంచీ ఇంత జరిగింది! 

"తప్పయిందమ్మా," అన్నాను. ఆ రోజు అది రెండోసారి. ఈసారి గడి ఏమీ లేదు కాబట్టి ఇంకా కష్టమైంది.

"తెలుగుల రాయుండ్రి. నేను సదువుకునేటట్టు," అంది.

ఫారం అడుగున ఖాళీలో తెలుగులో రాశాను. తొట్టెలోని చేపల విషయంలో ఈమె ఏ తప్పూ చేయలేదు, అసలు పీతని గుర్తించి పట్టింది ఈమే, నేను కాదు అని. ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఆమె కాగితం తన వైపు తిప్పుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకే చదివింది. "నేను కాదు" దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత నా చేత సంతకం పెట్టించింది.

అక్కడితో అయిపోయిందనుకుని పెన్నుకి మూత పెట్టాను. ఆమె ఆ పెన్ను నా చేతిలోంచి తీసుకుంది. మూత తీసింది. కాగితం, పెన్ను పట్టుకుని హాలు దాటి, వేలికి కట్టు కట్టించుకుంటున్న గెస్ట్‌హౌస్ మేనేజరు దగ్గరికి నడిచింది.

"సారూ, మీరు గూడ పెట్టుండ్రి," అంది. "ఎడమ చెయ్యితోనైనా సరే."